వాలికి తీసే ఉంది

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరెవరున్నారో ముందే చెప్పుకోవడం మంచిది. లేకపోతే దెబ్బ ఎవరు కొట్టారో, ఎవరికి తగిలిందో తర్వాత తేల్చుకోలేం.

హాల్లో సోఫా మీద మైకు బావ. ఒకప్పుడు సభలకీ సంబరాలకీ మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు గనక ఆ పేరు. ఇప్పుడు ప్రొడ్యూసర్ గారూ అని పిలిపించుకోవాలని కోరిక. పిలిచేవాళ్ళే ఇంకా దొరకలేదు. అతని పక్కన, ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోకుండా, పాటల కంపెనీ నుంచి సంతకాల కోసం వచ్చిన పెద్దమనిషి. కిటికీ దగ్గర వాలుకుర్చీలో బావ తల్లి. ఆవిడకి చెవులు కాస్త దూరం, నోరు మాత్రం దగ్గరే. మేడమీద పాటల గదిలో, గోడలకి దుప్పట్లు కొట్టిన ఉక్కలో, బావ ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చిన కొత్త పిల్ల. వంటింట్లో అక్క.

వీళ్ళు కాక, ఎవరూ రమ్మనకపోయినా వచ్చిన కీచురాయి.

పోయిన వారం మనం ఆమెని ఆ ఇంటి గుమ్మం ముందు, చప్పుడు కాకుండా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడగా వదిలేశాం. కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి, ఆమెని లోపలికి పంపిద్దాం.

కీచురాయి అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అక్క ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో ఓ వానపూట ఆమె కూనిరాగం తీస్తుంటే బావ విని, ఇంట్లో కీచురాయి దూరింది, చీపురు తెండి అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె ఏడవలేదు. అదే పేరుతో ఫోన్లో ఒక పేజీ తెరిచి, అక్క బట్టల బీరువాలో దూరి, తలుపు దగ్గరికి లాక్కుని మొదటి పాట పాడింది. బయటే నిలబడిపోయిన ఎండని ఇంట్లోకి పిలిచే పాట అది. ‘వాకిలి తీసే ఉంది, లోపలికి రా ఎండా’ అనాలి. బెదురులో నాలుక తిరగబడి ‘వాలికి తీసే ఉంది’ అనేసింది. సిగ్గుతో దాన్ని తీసేద్దామనుకునేలోపే ఎవరో రాశారు, మా ఇంట్లో కూడా వాలికి తీసే ఉందమ్మా, నువ్వూ రా అని. ఇంక ఆ తప్పు దిద్దబుద్ధి కాలేదు. అదే ఆ పేజీలో పలకరింపు అయిపోయింది. వచ్చినవాళ్ళు ‘వాలికి తీసే ఉందా?’ అని అడిగేవాళ్ళు. ‘తీసే ఉంది’ అని జవాబు వెళ్ళేది.

పాట పెట్టేసి చేతులు దులుపుకునే రకం కాదు ఆమె. బస్సు నడిపే ఒకాయన మొదటి ట్రిప్పుకి ముందు టీ తాగుతూ వింటాడని తెలిసి, పాటలు తెల్లవారుతూనే పెట్టేది. కుట్టుమిషను తొక్కే ఒకావిడ, నా మిషను మోతలో నీ పాట సగమే వినపడుతోంది అని మొరపెట్టుకుంటే, ఆ మోతనే తాళంగా చేసుకుని ఒక పాట కట్టి పంపింది. వాళ్ళన్న మాటలు తర్వాతి వారం పాటల్లో పల్లవులై తేలేవి. జవాబులు మరీ ఎక్కువైనప్పుడు అక్క పక్కన కూర్చుని కొన్ని రాసిపెట్టేది. ఆరిన బట్టలు మడతపెట్టినట్టు అదీ ఒక ఇంటిపనే అనుకుంది కీచురాయి. అంతకుమించి ఆలోచించలేదు.

పేజీ తెరిచింది బావ నంబరు మీద. వినేవాళ్ళు పెరిగాక ఒక రోజు అది ఆమె వేలికి తెరుచుకోలేదు. అడిగితే బావ సావకాశంగా చెప్పాడు. పేరు పెట్టింది తను, నంబరు తనది, గది తనది, మైకు తనది. ఇంక ఆమెకి మిగిలింది గొంతొక్కటే, గొంతులు సంతలో దొరుకుతాయి. ఆమె అక్క వైపు చూసింది. అక్క వంటింటి గుమ్మంలో గిన్నె మూత పట్టుకుని నిలబడి, ఆ మూత నోటికే పెట్టుకున్నట్టు ఊరుకుంది. కీచురాయి సంచీ సర్దుకుని ఆడపిల్లల హాస్టలుకి వెళ్ళిపోయింది.

వెళ్ళి ఊరుకుందా? లేదు. ఆమె దగ్గర తనవాళ్ళ నంబర్లు లేవు, అసలు పేర్లు లేవు. ఉన్నది ఒక్క మాట. గడియారం స్తంభం దగ్గర కుడతానని మిషనావిడ ఎప్పుడో అన్నది గుర్తుపెట్టుకుని, ఆ వీధిలో కుట్టుదుకాణాల గుమ్మాలన్నీ ఎక్కి దిగింది. ప్రతి గుమ్మంలో ‘వాలికి తీసే ఉందా?’ అని అడిగింది. కొందరు జాలిగా చూశారు. ఒకడు, వాలి ఇక్కడ పనిచెయ్యడమ్మా, పక్క దుకాణంలో అడుగు అన్నాడు. ఆఖరికి ఒకచోట తొక్కుతున్న మిషను టక్కున ఆగింది. “తీసే ఉంది” అంది లోపలినుంచి ఒక లావుపాటి గొంతు. తర్వాత, “నువ్వేనా? ఇంతే ఉన్నావేమే?” అంది.

కుట్టుమిషను వదిన దొరికాక ఆ మాట తనంతట తానే నడిచింది. బస్సాయన తన బస్సు వెనకద్దం మీద దుమ్ములో వేలితో ‘వాలికి’ అని రాశాడు. తెలిసినవాళ్ళు ఆ బస్సెక్కి అడిగారు, తెలియనివాళ్ళు పిచ్చిరాత అనుకున్నారు. దుకాణం మూసే వేళకి కుట్టుమిషన్ల మధ్య కూర్చుని కీచురాయి పాడేది. మైకు లేదు, సౌండు పెట్టెలు లేవు. విన్నవాళ్ళు ఫోన్లు చేసి ఇంకొకరికి వినిపించేవాళ్ళు. ఒక్కొక్కరే మళ్ళీ చేతికందారు.

అలా అందినవాళ్ళలో ఒక నర్సమ్మ కూడా ఉంది. ఆమె కీచురాయి చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని, మా అమ్మ పోయినప్పుడు నువ్వు రాసిన మాటలే నన్ను నిలబెట్టాయి, ఇప్పటికీ దిగులేస్తే అవే చదువుకుంటాను అంది. నర్సమ్మ తల్లి పోయేనాటికి పేజీ కీచురాయి చేతిలో లేదు. అది బావ చేతిలో ఉంది.

ఆ రోజుదాకా ఆమెది కోపం. ఆ రోజు నుంచి పగ. పేజీ లాక్కున్నాడు, సరే. పేరు లాక్కున్నాడు, సరే. తల్లి పోయి ఏడుస్తున్న మనిషితో తన పేరు పెట్టుకుని మాట్లాడాడు. దానికి మాత్రం లెక్క తేలాల్సిందే అనుకుంది.

తేలే రోజు ఇదే. ఇవాళ కొత్త పిల్ల చేత ఆ పేజీలో ఎండ పాట మళ్ళీ పాడించి, వింటున్న జనాన్ని కంపెనీ ఆయనకి చూపించి, పేజీనీ పేరునీ కలిపి రాసిచ్చేస్తాడు బావ. సంతకం పడిందంటే ఇంక కీచురాయి తన పేరుతో తనవాళ్ళకి పాడుకోవాలన్నా ఎవరినో అడుక్కోవాలి.

ఇంక లోపలికి వెళదాం.

ముందు చూసింది బావ తల్లి. “చెప్పులు చేత్తో పట్టుకొచ్చావేమే, ఎవర్ని కొడతావు?” అంది, వీధి చివరికి వినపడేలా.

“ఎవర్నీ కాదత్తయ్యా. బయట వదిలితే పోతాయేమోనని” అంది కీచురాయి. “ఈ ఇంట్లో వదిలినవి కూడా పోయాయిగా.”

ఆవిడకి సగమే వినపడింది. ఇప్పుడు పలికింది నువ్వా, వంటింట్లో మీ అక్కా అని అడిగింది. ఆ అక్కచెల్లెళ్ళ గొంతులు చిన్నప్పట్నుంచీ ఒకటే. పక్కగదిలోంచి పిలిస్తే కన్నతల్లి కూడా తికమకపడేది.

బావ మొహం తేలు కుట్టిన దొంగలా అయింది. కంపెనీ ఆయన ఎదురుగా అరవలేడు, గెంటలేడు. పళ్ళు బయటపెట్టి, మా మరదలండీ, మొదట్లో కాస్త చేతిసాయం చేసేది అని పరిచయం చేశాడు. కంపెనీ ఆయన మర్యాదగా తల ఊపాడు. కీచురాయి గోడవారగా స్టూలు లాక్కుని, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాట వినిపోదామని వచ్చాను, అంతే అంది. ఆమె అంత మెత్తగా మాట్లాడటం బావకి నచ్చలేదు. మెత్తగా ఉన్న నేలలోనే కాలు దిగబడుతుందని అతనికి తెలుసు.

గోడకున్న టీవీలో మేడమీద గది కనిపిస్తోంది. కొత్త పిల్ల చెవులకి పెద్ద పెద్ద హెడ్‌ఫోను డిప్పలు తగిలించుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. తెర మూల మీద ఒక అంకె, ఎంతమంది వింటున్నారో చెప్పేది. పాలపొంగులా పైకి పోతోంది అది. బావ మైకుసెట్ల కాలం నాటి తన సిద్ధాంతం చెప్పాడు. జనమంటే గాలి లాంటివాళ్ళు సార్, పెట్టె ఎటు తిప్పితే అటు వింటారు, ఎవరు పాడుతున్నారో ఎవడిక్కావాలి. మొదటి పాటలో ఉచ్చారణ దోషాలున్నాయని, అవన్నీ తను దగ్గరుండి దిద్దించానని కూడా చెప్పాడు. కంపెనీ ఆయన జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

కొత్త పిల్ల పాట ఎత్తుకుంది. గొంతు బాగుంది, అబద్ధం చెప్పకూడదు. వంటింట్లోంచి అదే పాట అరక్షణం వెనగ్గా మళ్ళీ వినపడుతోంది. టీవీ ప్రతిధ్వని కాబోలనుకుంది కీచురాయి. ఆమె ధ్యాసంతా రాబోయే ఒక్క మాట మీదే ఉంది. ఆ మాట వినపడగానే లేచి వచ్చేయండి అని ఆమె తనవాళ్ళందరికీ చెప్పి ఉంచింది. వాళ్ళు తక్కినవాళ్ళకి చెప్పారు. చెప్పారో లేదో ఇప్పుడు తెలుస్తుంది.

‘వాకిలి తీసే ఉంది’ అని పాడింది కొత్త పిల్ల. ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టు పాడింది.

అంకె ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత, కట్ట తెగిన చెరువులా దిగడం మొదలుపెట్టింది. దిగుతూ దిగుతూ కొందరు ఒక్క మాట రాసి పోతున్నారు. ‘వాలికి ఏది?’ అని ఒకరు. ‘మా వాలికి ఏది?’ అని ఇంకొకరు. ఆ రాత తెర అడుగునుంచి పైకి చీమలబారులా పాకింది. వేలు వందలయ్యాయి, వందలు పదులయ్యాయి. బావ తీగల్లో ఏదో తెగిందని పరుగెత్తి ప్లగ్గు పీకి పెట్టాడు, టీవీని రెండు దెబ్బలు కొట్టాడు. జీవితమంతా పెట్టెలూ తీగలూ చూసినవాడు, దేనికైనా రోగం తీగలోనే ఉంటుందనుకుంటాడు.

“తీగల్లో ఏం లేదు బావా” అంది కీచురాయి.

అంకె ఒకటి దగ్గర ఆగింది. అక్కడే నిలబడిపోయింది. మేడమీద కొత్త పిల్లకి చెవుల మీద డిప్పలున్నాయి గనక ఏమీ తెలియదు. పాడుతూనే ఉంది పాపం.

కంపెనీ ఆయన ఆ ఒకటిని కాసేపు చూసి, ఆ మహానుభావుడెవరో అన్నాడు. తర్వాత పెన్నుకి మూత పెట్టాడు. ఆ టిక్కుమన్న చప్పుడు కోసం కీచురాయి ఎన్ని పూటలు ఎదురుచూసిందో మనకి తెలుసు. అది చెవిలో పడింది. అప్పుడే నోరు విప్పింది. వీళ్ళు గాలి కాదు సార్ అని మొదలుపెట్టి, కుట్టుమిషను వదిన గురించి చెప్పింది, బస్సు వెనకద్దం గురించి చెప్పింది. తడబడ్డ మాటని తనవాళ్ళు ఎలా ఎత్తుకుని సాకారో చెప్పింది. కంపెనీ ఆయన మంచి వ్యాపారి. విన్నంతసేపూ తల ఊపి, అయితే ఆ సంతకమేదో మీరే పెట్టండమ్మా, కాగితాలు మార్పిస్తాను అన్నాడు.

“వాళ్ళని నేను మీకెలా రాసివ్వను సార్?” అంది ఆమె. “వాళ్ళు నావాళ్ళే గానీ నా సొత్తు కాదు. ఇంతకుముందు ఒకరు అలాగే అనుకున్నారు. ఏమైందో చూశారుగా.”

కంపెనీ ఆయన లేచాడు. అప్పటిదాకా ముట్టుకోని మంచినీళ్ళు గుక్కలో తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. కారు తలుపు పడిన చప్పుడైంది.

అప్పుడు తిరిగాడు బావ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి అన్నాడు, గూడిచ్చిన చేతినే కరిచావన్నాడు. అతని తల్లి కిటికీ దగ్గర్నుంచి, ఏమిట్రా, ఆయన టీ తాగకుండా వెళ్ళాడేం అని అడుగుతోంది. కీచురాయి స్టూలు మీంచి లేచింది. బావని మీరు అనడం ఆమెకి చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆ రోజు ఆ ‘మీరు’ దానంతటదే రాలిపోయి ‘నువ్వు’ వచ్చేసింది.

“పేజీ తీసుకున్నావు, నేను పోయాను. పేరు తీసుకున్నావు, పోనీలే అనుకున్నాను. తల్లి పోయి ఏడుస్తున్న ఆ నర్సమ్మకి నా పేరుతో ఓదార్పు రాశావే, నీకు చేతులెలా వచ్చాయి? పాటలంటే వ్యాపారం. ఏడుపు కూడానా?”

బావ ఆమెని తేరిపార చూశాడు. ఆ చూపులో కోపం కన్నా అయోమయమే ఎక్కువుంది.

“ఏ నర్సు?” అన్నాడు. “నేనెవరికీ ఏమీ రాయలేదు. రోజుకి అన్నన్ని వస్తుంటే కూర్చుని జవాబులు రాసే తీరికెవరికుంది? తెరవను కూడా లేదు.”

“అబద్ధం. తీసే ఉంది అని జవాబులు వచ్చాయి వాళ్ళకి. నేను వెళ్ళాక కూడా వచ్చాయి. అందరూ చూపించారు నాకు.”

“ఏం తీసే ఉంది?”

“వాలికి.”

“అదేమిటే బాబూ, పొద్దస్తమానం వాలికి వాలికి. ఎవడే ఆ వాలి?” అన్నాడు బావ విసుగ్గా. “వాడెవడో నీకు తెలిసినవాడు, వాడి కోసం ఏదో తీసిపెట్టమంటున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ.”

అతను నటించడం లేదు. మైకు బావకి చాలా విద్యలు వచ్చుగానీ నటన రాదు. అబద్ధమాడితే ముక్కు గోక్కుంటాడు. ఇప్పుడు చేతులు రెండూ నడుం మీదే ఉన్నాయి. ఆ మాటకి అర్థమే తెలియని మనిషి ఆ మాటతో జవాబు రాయలేడు.

మరి ఎవరు రాశారు?

పైన కొత్త పిల్ల చరణం అందుకుంది. అరక్షణం వెనగ్గా వంటింట్లోంచి అదే చరణం. టీవీ హాల్లో ఉంది. ప్రతిధ్వని హాల్లో ఉండాలి, వంటింట్లో ఎందుకుంటుంది? కీచురాయి తెర మూల చూసింది. ఒకటి. ఇంకా ఒకటే.

వంటింట్లో అక్క గిన్నెలు కడుగుతోంది. ఉప్పు డబ్బాకి ఆనించి ఫోను నిలబెట్టి ఉంది. అందులో కొత్త పిల్ల పాడుతోంది. అక్క వెనక్కి తిరగకుండానే, తలుపు దగ్గర నీళ్ళున్నాయి, జారతావు చూసుకో అంది. ఎన్నో రోజుల తర్వాత చెల్లెలితో అన్న మొదటి మాట అది.

నర్సమ్మకి రాసింది నువ్వా అని అడిగింది కీచురాయి. అక్క గిన్నె తిప్పి రెండోవైపు తోమింది. తల్లి పోయిన మూడు రోజులూ ఆమె అన్నం తినలేదు, రాసి రాసి ఎలాగోలా తినిపించాను అంది. ఆ తర్వాత బస్సాయన కాలి నొప్పి ఎలా తగ్గిందో చెప్పింది, కుట్టుమిషను వదిన కొడుకు పరీక్ష సంగతి చెప్పింది. కీచురాయికి తెలియని సంగతులే అన్నీ. పక్కింటివాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పుకుపోతోంది అక్క. మొదట్నుంచీ సగం జవాబులు తనవేనని, తన ఫోన్లో పేజీ ఇంకా తెరుచుకుంటుంది గనక ఇప్పుడు మొత్తం తనవని, నువ్వు పాటలు కట్టుకుంటూ కూర్చుంటే వాళ్ళతో మాట్లాడిందెవరనుకున్నావని అడిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

“మరి ఆ రోజు బావ నన్ను పొమ్మంటే నోరెందుకు మెదపలేదు?” అంది కీచురాయి.

“మెదిపితే నన్ను కూడా బయటపెట్టేవాడు. అప్పుడు వాళ్ళకి జవాబెవరిస్తారు?” అంది అక్క. ఇంకో గిన్నె అందుకుని, “ఇంకోటి కూడా ఉందిలే. నువ్వు పోతే అంతా నాదే అవుతుందనిపించింది. దాచడమెందుకు” అంది.

హాల్లో అంతసేపు దంచి వచ్చిన పగ ఇప్పుడు ఎటు తిరగాలో తెలియక ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

“వాళ్ళు నా కోసమే లేచి వెళ్ళారక్కా. ఇందాక చూశావుగా.”

“నీ కోసం కాదు. ఆ మాట కోసం.” అక్క కుళాయి కట్టేసింది. “ఆ మాట ఎవరిదనుకున్నావు? నీకు నోరు తిరక్క వచ్చిందనుకున్నావా? నాకు మూడేళ్ళప్పుడు వాకిలి అనడం రాలేదు. వాలికి ఊడుస్తానమ్మా అంటూ చీపురు పట్టుకు తిరిగేదాన్నిట. అమ్మ ఎన్నేళ్ళు చెప్పుకు నవ్విందో. నువ్వు మాటలు నేర్చుకుంది నా నోరు చూసి. బీరువాలో భయమేసినప్పుడు నీకు వచ్చింది నా మాట.”

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని ఫోను తీసుకుంది.

“ఇవాళ మీ బావని కొట్టావు. బాగానే కొట్టావు, నాకూ కడుపు చల్లగానే ఉంది. కానీ అందర్నీ లేచిపొమ్మన్నప్పుడు, లోపల ఇంకో మనిషి ఉందేమో అని చూసుకోలేదు నువ్వు. నన్నొక్కదాన్నే అందులో వదిలేసి పోయారు వాళ్ళు.”

ఆ తెర మూల ఒకటి ఎవరో అప్పటికి పూర్తిగా తలకెక్కింది కీచురాయికి.

అక్క ఆమెని దాటుకుని హాల్లోకి నడిచింది. తల పట్టుకుని కూర్చున్న మొగుడి వంక చూడలేదు. మెట్లెక్కింది. కీచురాయి వెనకే ఎక్కింది. ఆగక్కా, మాట్లాడుకుందాం అంటూనే ఎక్కింది. పాటల గదిలో అక్క కొత్త పిల్ల చెవుల మీది డిప్పలు మెల్లగా తీసి, చాలు తల్లీ, గొంతెండిపోయి ఉంటుంది, కిందికెళ్ళి టీ తాగు అని పంపించింది. ఆ పిల్ల బతుకు జీవుడా అని మెట్లు దిగిపోయింది.

అక్క ఆ కుర్చీలో కూర్చుంది. కెమెరా కన్ను మీద పక్కనున్న గుడ్డ కప్పి మూసింది. ఇంక వినేవాళ్ళకి బొమ్మ లేదు, గొంతే. ఫోన్లో పేజీ వాళ్ళందరికీ ఏదో నాలుగక్షరాలు రాసి పంపి, మైకు దగ్గరికి వంగింది.

“వినపడుతోందా?” అంది.

కీచురాయి గుమ్మంలోనే ఆగిపోయింది. అది తను పాటకి ముందు అడిగే మాట. తను అడిగినట్టే ఉంది. తన గొంతే అది.

కీచురాయి చేతిలో ఫోను అదిరింది. బస్సాయన. ‘పేజీ నీ చేతికి వచ్చేసిందన్నమాట! గెలిచావమ్మా. వింటున్నాను.’ వెనకే కుట్టుమిషను వదిన, మిషను ఆపేశానే, పాడు అని. ఆ వెనక నర్సమ్మ. గదిలోని తెర మూల ఒకటి పక్కన ఇంకో అంకె చేరింది. ఆ పక్కన మరొకటి. పోయినవాళ్ళు పోయినట్టే తిరిగి వస్తున్నారు, ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటూ. కీచురాయే రమ్మన్నదనుకుని వస్తున్నారు.

అది నేను కాదు అని రాయడానికి వేలు తెర మీద పెట్టింది కీచురాయి. నర్సమ్మ కళ్ళు గుర్తొచ్చాయి. నువ్వు రాసిన మాటలే నన్ను నిలబెట్టాయి అంది ఆమె. అది నేను కాదు అంటే ఏది కానట్టు? ఎక్కడిదాకా కానట్టు? వేలు అక్కడే ఆగిపోయింది.

“అక్కా, తప్పు” అంది పెదవులతో, చప్పుడు లేకుండా. చప్పుడు చేస్తే వాళ్ళకి వినపడుతుంది. ఒకే గొంతు రెండుచోట్ల నుంచి వినపడుతుంది.

అక్క మైకు చేత్తో పట్టుకుని లేచింది. పొడుగాటి తీగ నేలమీద పాములా వెంట లాగుతూ గుమ్మం దాకా వచ్చింది. చెల్లెలి మొహంలోకి సూటిగా చూసింది. చిన్నప్పుడు జడ వేసేటప్పుడు చూసిన చూపే. ముందుకి జారిన ఒక వెంట్రుక చెవి వెనక్కి సర్దింది కూడా. ఆ తర్వాత మైకు పెదవుల దగ్గరికి తెచ్చుకుని, వింటున్న వేలమందితో, ఎంతో ప్రేమగా అంది.

“రండి రండి. వాలికి తీసే ఉంది.”

అంటూనే, ఖాళీగా ఉన్న రెండో చేత్తో చెల్లెలి మొహం మీద తలుపు వేసేసింది.